పాత పడం ఏమైనా ఉందా?

మే నెలలో ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారానికి మా అన్న కూతురు బోడినాయకనూరు నుంచి మదురైలో ఉన్న మా ఇంటికి వచ్చింది. తోడుగా మా నాయన వచ్చాడు. పిల్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మార్కుల కాగితం, ఒక నోటుబుక్కు. చెప్పులు పూర్తిగా విడవకముందే అడిగింది.

"అత్తా, డాక్టరు సీటు ఎట్లనూ రాదు. స్కాన్ పని చదువుదామని ఉండాను. నువ్వు చేసేదీ అదే కదా?"

"నేను చేసేది ఎక్స్‌రే, కన్నూ."

"అదీ స్కానే కదా?"

నాయన నవ్వాడు. "మీ అత్త ఇరవై అయిదేండ్లుగా చెప్తా ఉంది. మన ఊర్లో ఒగరికీ అర్థం కాలా."

నిజమే. మా బంధువుల్లో కొందరికి నేను నర్సును. కొందరికి డాక్టరుతో సమానం. పెళ్లి పందిట్లో నా పక్కన చేరి చీర పైకెత్తి మోకాలు చూపిస్తారు. మిగిలినవాళ్లకు నాది బటను నొక్కే పని. ఎండలో పడకుండా ఫ్యాను కింద నిలబడి బటను నొక్కితే నెల గడిచిపోతుందని మా చిన్నాయన నా ముందే ఎవరితోనో అన్నాడు.

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ పిల్ల నోటుబుక్కు తెరిచింది. పేజీకి నిలువుగా గీతలు గీసి, పైన ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ, రేడియేషన్ చికిత్స అని తమిళ అక్షరాల్లో రాసుకుంది. మా ఇళ్లలో మాట తెలుగే అయినా చదువంతా తమిళమే. తెలుగు అక్షరాలు నేనే నలభై దాటాక పిల్లల వాచకం తెప్పించుకుని నేర్చుకున్నాను. ఒక్కో పేరు కింద ఫోనులో చూసి రాసింది: ఎక్స్‌రేకు పొద్దంతా నిలబడాలి, ఎంఆర్ఐకి కూర్చోవచ్చు, సీటీకి పెద్ద ఊర్లలోనే పని దొరుకుతుంది, ఇట్లా. ఒక్కటీ అబద్ధం కాదు. అయినా అదంతా చదివితే నేను రోజూ చేసే పని నాకే ఎక్కడా కనిపించలేదు.

"కడుపులో బిడ్డను చూసే స్కాన్ ఏ గడిలో ఉంది అత్తా? నాకు అదే కావాల."

"అది డాక్టర్లే చేయాల. మన దేశంలో చట్టం అట్ల. మనం ముట్టుకునే దానికి లేదు."

పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని, "అయితే మిగిలినవాటిలో ఏది మంచిదో నువ్వే చెప్పు," అంది.

నేను చేసిన పని ఒక్కటే. ఒక్క వంట మాత్రమే తెలిసినవాడిని ఏది రుచి అని అడిగినట్టుంది. "రేపు నాతో రా, నా గదిలో నిలబడి చూడు. తరువాత కోయంబత్తూరు పోదాం. అక్కడ నా స్నేహితురాలు ఉంది. ఎంఆర్ఐ, సీటీ రెండూ ఆమె కిందే నడుస్తాయి," అన్నాను.

మా ఆసుపత్రిలో అనుమతి అడిగి పిల్లను తీసుకుపోయాను. సీసం అద్దం వెనక ఒక స్టూలు వేసి కూర్చోబెట్టాను. పొద్దున తొమ్మిదికే వరండా నిండిపోయింది. బైకు మీద నుంచి పడ్డవాళ్లు, వేరే దేశం పోవడానికి ఛాతీ పడం కావలసినవాళ్లు, నాణెం మింగిన పిల్లవాడు, వాడికంటే గట్టిగా ఏడ్చే వాళ్లమ్మ. పడం అంటే బొమ్మ. ఎక్స్‌రేను మా ఇళ్లలో అట్లాగే అంటాం.

ఆడవాళ్ల దగ్గర నాకు ఎక్కువసేపు పట్టేది పిన్నీసులకు. తాళిబొట్టుకు ఐదారు పిన్నీసులు గుచ్చుకుని ఉంటారు. ఎప్పుడు ఏది తెగుతుందో అని. తీయమంటే తాళి తీయమన్నానని అనుకుని గుండెల మీద చేయి వేసుకుంటారు. వాళ్లకు నేను తాళిని వీపు వైపుకు వేయడం చూపిస్తాను, పిన్నీసులు ఒక్కొక్కటిగా విప్పి వాళ్ల చేతిలోనే పెడతాను. ఆ తరువాత గడ్డం ఎత్తించి, భుజాలు ముందుకు తోసి, "మూచ్చు ఇళుత్తు పుడీంగ" అంటాను. ఊపిరి లాగి పట్టండి అని. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట అంటానో లెక్కలేదు. ఇంట్లో కూర కలుపుతూ కూడా ఒక్కోసారి నేనే ఊపిరి పట్టి నిలబడి ఉంటాను.

మధ్యాహ్నానికి తుంటి విరిగిన ఒక ముసలామెను స్ట్రెచరు మీద తెచ్చారు. తాకబోతే అరిచింది. నేను చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకున్నాను. దుప్పటి నాలుగు కొనలూ నలుగురం పట్టుకుని ఆమెను బల్ల మీదికి మార్చాం. ఆమె నొప్పితో "అయ్యో నా తల్లే, సంపేస్తా ఉండారే" అని తెలుగులో మూలిగింది. నేను వంగి, "సంపములే అవ్వా, ఒగ పడం తీస్తే అయిపాయ," అన్నాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసి, "మనవాళ్లా?" అని అడిగి, నా మోచేయి పట్టుకుంది. పడం తీసినంతసేపు ఏ ఊరు, ఎవరి పిల్లవు అని అడుగుతూనే ఉంది.

భోజనాల వేళ పిల్ల అడిగింది. "ఒక్కొక్కరికీ రెండు నిమిషాలేనా అత్తా? తరువాత వాళ్లకు ఏమయిందో నీకు తెలుస్తుందా?"

"తెలీదు."

"పడంలో ఏముందో నీకు కనిపిస్తుంది కదా?"

"కనిపిస్తుంది. చెప్పకూడదు. చెప్పాల్సింది డాక్టరు. మనం మొహంలో కూడా చూపించకూడదు."

"అదేమి కష్టం?" అంది.

ఆ వారమంతా నాయన దగ్గుతూ ఉన్నాడు. ఎన్నాళ్లుగా అని అడిగితే, "అది ఏలక్కాయ దుమ్ము," అన్నాడు. డెబ్బై ఆరేళ్లు ఆయనకు. ఇప్పటికీ బోడినాయకనూరులో ఒక వ్యాపారి దగ్గర కూర్చుని ఏలక్కాయలు జల్లించి రకాలుగా వేరుచేస్తాడు. చూడకుండా వేళ్లతోనే సైజు చెప్పగలడు. దగ్గు మూడు వారాలు దాటిందని పిల్ల బయటపెట్టింది. నేను మా ఛాతీ డాక్టరుకు చూపించి చీటీ రాయించాను. నాయన ఆసుపత్రి దాకా వచ్చాడు గానీ ఎక్స్‌రే గది బయటే ఆగిపోయాడు.

"మాత్ర ఇస్తే చాలు. పడమంతా ఎందుకు?"

"నాయనా, ఇంత దూరం వచ్చి..."

"వద్దంటే విను."

ఆయన అంత మొండిగా ఉండేవాడు కాదు. పిల్ల లోపలి నుంచి వచ్చి ఆయన చేయి పట్టుకుంది. "తాతా, నాకు చూపించేదానికైనా రా. అత్త అందరివీ తీస్తుంది, అయితే వాళ్లలో ఒగరూ మనవాళ్లు కారు." మనవరాలి మాటకు లొంగాడు. చొక్కా విప్పి బోర్డుకు ఛాతీ ఆనించి నిలబడ్డాడు. వీపు మీద ఎముకలు తేలి ఉన్నాయి. నేను ఆయన భుజాలు పట్టి ముందుకు తోశాను. చిన్నప్పుడు ఎక్కి తిరిగిన భుజాలు అవి. రోజూ ఇంతమందిని ముట్టుకునే పని చేస్తూ కూడా ఆయనను అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో.

"ఊపిరి బాగా లాగు నాయనా. అట్లే పట్టు... వదులు."

తెర మీద పడం వచ్చింది. కుడి వైపు పైన, కాలర్ ఎముక కిందుగా, ఒక తెల్లటి మచ్చ.

పిల్ల నా పక్కనే ఉంది. దానికి అదేమిటో తెలియదు. "తాత గుండె ఎంత చిన్నగా ఉంది!" అంది సంతోషంగా. నేను పేరు, వయసు సరిచూసి, పడం డాక్టరు కంప్యూటరుకు పంపి, బయటకు వెళ్లి, "అయిపాయ నాయనా, చొక్కా వేసుకో," అన్నాను. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాననుకున్నాను. ఆయన గుండీలు పెట్టుకుంటూ నా మొహం వైపే చూశాడు. చాలాసేపు చూశాడు.

మా రేడియాలజీ డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. పడం చూసి ఆ వృత్తిలో అందరూ మొదట అడిగేదే అడిగింది. "పాత పడం ఏమైనా ఉందా? పోల్చి చూస్తే మచ్చ పాతదో కొత్తదో తెలిసిపోతుంది."

"లేదు డాక్టర్. మా నాయన ఆసుపత్రి గడప తొక్కిన మనిషి కాదు," అన్నాను.

"అయితే కళ్లె పరీక్షకు ఇచ్చి, ఒక సీటీ తీయించండి."

మదురైలో సీటీ లేక కాదు. మా ఆసుపత్రిలోనే ఉంది. కానీ ఆ పడం నేను కూర్చుని చూడలేను. తెలియని వాళ్ల చేతిలోనూ పెట్టలేను. ఎటూ పిల్లను కోయంబత్తూరు తీసుకుపోవాలి. స్నేహితురాలికి ఫోను చేశాను. "మచ్చ ఎంత ఉంది?" అని ఒక్క మాట అడిగి, "రేపే రండి," అంది. కళ్లె పరీక్షకు ఇచ్చి, మరునాడు పొద్దున ముగ్గురం బస్సెక్కాం.

బస్సు దిండిగల్ దాటింది. నాయన కిటికీ పక్కన కళ్లు మూసుకున్నాడు. పిల్ల, ఊరకే ఉండలేక, ఆ స్నేహితురాలు ఎవరు అని అడిగింది. నాకూ మాట్లాడటమే మేలనిపించింది.

ఆమె, నేను మదురైలో ఒకే డిప్లొమా చదివాం. అప్పుడు ఫిల్ములు కడగడానికి చీకటి గది ఉండేది. మొదటి వారం ఆ గదిలో నా కాలు ఎవరో తొక్కారు. "ఎవరది, కన్ను కనపళ్లేదా?" అని నొప్పికి తెలుగులో అనేశాను. "చీకట్లో ఎవరికి కనపడుతుంది అక్కా?" అని తెలుగులోనే జవాబు వచ్చింది. మొహాలు చూసుకోకముందే మేము అట్లా స్నేహితులమయ్యాం. ఆమెది కోయంబత్తూరు పక్క ఊరు. వాళ్ల తాతలు పత్తి వేసినవాళ్లు, వాళ్ల నాయన పంపుసెట్లు చేసేవాడు. నేను 'పోతిని' అంటే ఆమె 'పోయినాను' అనేది. ఒకరి తెలుగును ఒకరం వెక్కిరించుకునేవాళ్లం.

చదువయ్యాక రెండేళ్లకు కోయంబత్తూరులో ఒక ఆసుపత్రికి ఎంఆర్ఐ మిషను వచ్చింది. శిక్షణకు ఒక్కరిని తీసుకుంటామన్నారు. ఇద్దరం పోయాం. ఫిజిక్సు ఆమెకు రాదు. ముందు రోజు వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, అయస్కాంతంలో నీటి కణాలు ఎట్లా తిరుగుతాయో ఒక బొంగరం తిప్పి చూపించాను. మరునాడు లోపల అదే అడిగారు. నాకు తెలుసు. ఇంగ్లీషులో చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. ఆమె నా బొంగరాన్నే ఇంగ్లీషులో చెప్పి ఆ చోటు తెచ్చుకుంది.

"నీకు కోపం రాలా అత్తా?"

"వచ్చింది. ఆరేండ్లు మాట్లాడలా. ఆమె పెండ్లికీ పోలా."

ఆరేళ్ల తరువాత నాకు నడుము నొప్పి పట్టుకుంది. రోజంతా మనుషులను ఎత్తి దింపే పని కదా. ఎంఆర్ఐ తీయించమన్నారు. ఎవరి దగ్గరకూ పోక ఆమె దగ్గరకే పోయాను. ఎందుకో నాకే తెలియదు. ఆమె నా చెవి కమ్మలు తానే తీసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టి, "భయమైతే పిసుకు," అని లోపలికి పంపింది. లోపల సుత్తులతో కొట్టినట్టు చప్పుడు. గోడ ముక్కుకు తగులుతుందేమో అన్నంత దగ్గర. కాసేపటికి హెడ్‌ఫోన్లలో ఆమె గొంతు తెలుగులో వచ్చింది. "కదలొద్దు అక్కా. ఇంకా నాలుగు నిమిషాలే. నేను ఇక్కడే ఉండాను." నలభై నిమిషాలలో పదిసార్లన్నా అట్లా చెప్పింది. బయటికి వచ్చేసరికి నాకు కోపం ఎక్కడ పెట్టుకున్నానో జ్ఞాపకం రాలేదు.

కోయంబత్తూరులో ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. ఉక్కబోసే ఆ ఎండలో స్వెటరు వేసుకుని ఉంది. మిషన్ల గది ఎప్పుడూ చల్లగా ఉండాలి కాబట్టి పొద్దంతా ఆమెకు అదే ఉడుపు. నాయన కాళ్లకు దండం పెట్టి, "రాండి పెదనాయనా," అని నేరుగా సీటీ గదికి తీసుకుపోయింది.

ఆమె నన్ను లోపలికి రానివ్వలేదు. "నువ్వు ఈ పొద్దు కూతురివి. బయట కూచో," అని తలుపు వేసింది. పిల్లను మాత్రం అద్దం వెనక నిలబెట్టుకుంది. వరండాలో కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లలో రోగి బంధువుగా అట్లాంటి కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. తలుపు వైపు చూడటం తప్ప అక్కడ చేసేదేమీ లేదు. మా వరండాలో నిండిపోయి కూర్చునేవాళ్లను "కొంచెం జరగండి" అని ఎన్నిసార్లు కసిరి ఉంటానో గుర్తొచ్చింది.

పది నిమిషాలకు నాయన బయటికి వచ్చాడు. ఇంకో గంటకు పెద్ద డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. తెర మీద నాయన ఛాతీ పలచటి ముక్కలుగా ఒకదాని వెనక ఒకటి కదులుతోంది. ఆయన ఒక చోట ఆపి చూపించాడు.

"ఇదిగో ఈ మచ్చ. సున్నం పట్టి రాయిలా గట్టిపడిపోయింది. కొత్తది కాదు, పెరిగేదీ కాదు. ఎన్నో ఏండ్ల నాటి గాయం మానిన గుర్తు. పెద్దాయనా, మునుపు ఎప్పుడైనా కాసనోయి వచ్చిందా మీకు?"

కాసనోయి అంటే క్షయ. "లేదు డాక్టర్, అట్లాంటిది మా ఇంట్లో..." అని నేను మొదలుపెట్టాను.

"వచ్చింది," అన్నాడు నాయన.

గదిలో అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన డాక్టరునే చూస్తూ, "ఇరవై రెండో ఏట. ఎనిమిది నెల్లు ఆసుపత్రిలో ఉంటిని," అన్నాడు.

డాక్టరు తల ఊపాడు. మచ్చ దానిదేననీ, ఇప్పటి దగ్గు ఊపిరి గొట్టాల వాపు అయి ఉంటుందనీ, కళ్లె పరీక్ష ఫలితం మాత్రం తప్పకుండా చూసుకోమనీ చెప్పి, మందు రాసిచ్చాడు.

క్యాంటీనులో టీ తెచ్చుకుని కూర్చున్నాం. "మాకు ఒగ మాట చెప్పుండకూడదా నాయనా?" అన్నాను.

ఆయన టీ చల్లార్చుకుంటూ చెప్పాడు. "దగ్గితే రక్తం పడె. మా నాయన ఊర్లో ఎవరికీ చెప్పలా. కొండ మీద ఏలక్కాయ తోటకు కాపలా పంపితిమి అని చెప్పె. నన్ను తీసుకొచ్చి, ఊరికి దూరంగా చెట్ల మధ్య ఉండే ఆసుపత్రిలో చేర్చె. దినామూ సూది. నెలకొగ పడం. నా పక్క మంచమాయన పాయ. ఆ పక్కాయనా పాయ. నాకు ఏమవుతుందో ఒగరూ చెప్పరు."

"అవ్వకు తెలుసా తాతా?" అంది పిల్ల.

"పెండ్లయిన మూడో నెల నేనే చెప్తిని. ఇంక ఎవరికీ చెప్పొద్దు, రేపు పిల్లలకు సంబంధాలు రావు అనె. మీ అవ్వ మాట దాటలేదు నేను." ఒక గుక్క తాగి మళ్లీ అందుకున్నాడు. "ఆడ పడం తీసే ఆయన ఒగడు. పేరు కూడా తెలీదు. 'గడ్డం ఎత్తు, ఊపిరి పట్టు, పో.' అంతకు మించి మాట లేదు. ఎనిమిదో నెల పడం కడిగి తెచ్చి, కిటికీకి పట్టి చూసె. నేను ఆయన మొహమే చూస్తా ఉంటిని. బయానికి చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకోనుంటి. ఆయన దగ్గరకొచ్చి, అన్నీ విప్పి, సరిగ్గా పెట్టె. 'ఇంటికి జాబు రాయి తంబీ' అనె. డాక్టరు చెప్పింది రెండు దినాలు పోయినాక. నాకు ఆ పొద్దే తెలిసిపాయ."

పిల్ల టీ తాగడం మరిచిపోయి వింటోంది.

"నువ్వు ఎక్స్‌రే చదువుతానంటివి చూడు," నాయన నా వైపు తిరిగాడు, "మీ చిన్నాయనలంతా ఆడపిల్లకు అదేమి చదువనిరి. నాకు ఆ పడం తీసే ఆయన జ్ఞాపకం వచ్చె. నేను కాగితంలో సంతకం పెడ్తిని."

నాకు మెడిసిన్ సీటు రాలేదన్న జాలితో పెట్టాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన గ్లాసు తీసుకుని ఇంకో టీ తేవడానికి లేచాను. వరుసలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను. క్యాంటీనాయన చక్కెర వేయాలా వద్దా అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయాం. నాయన తిని తొందరగా పడుకున్నాడు. ఎన్నాళ్లుగానో మోసిన మూట దించినవాడిలా గుర్రుపెట్టాడు. మేము ముగ్గురం మిద్దె మీద కూర్చున్నాం. కొండల వైపు నుంచి గాలి వీస్తోంది. పిల్ల నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"అక్కా, నువ్వు చెప్పు. ఏది మంచిది?"

ఆమె చదివి నవ్వింది. "ఎంఆర్ఐకి కూర్చోవచ్చు అని ఎవరు రాసింది? కూర్చొనే ఉండాల్సి వస్తుంది. అది వేరే." తరువాత ఆలోచించి చెప్పింది. "నేను రోజుకు పన్నెండు మందిని చూస్తా. ఒక్కొక్కరితో ముప్పావు గంట. అయితే నాకు మొహాలు జ్ఞాపకం ఉండవు. బజారులో ఎవరన్నా నమస్కారం పెడితే తెలీదు. వాళ్ల వెన్నెముక చూపిస్తే చెప్పేస్తా."

"నాకు పిన్నీసులు జ్ఞాపకం ఉంటాయి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"కష్టమేది అక్కా?" పిల్ల వదల్లేదు.

"లోపలికి పోనంటారు చూడు, వాళ్లు. పోయిన వారం ఒక లారీ డ్రైవరు, ఇంత ఆకారం, ఏడుస్తా బయటకు వచ్చేసినాడు. మూడుసార్లు వచ్చినాడు. మూడోసారి ఆయన కాలు పట్టుకుని నేను లోపలే నిలబడినాను, పడమయ్యేదాకా. కొత్తగా వచ్చేవాళ్లకు మిషను నేర్పించవచ్చు, ఇది నేర్పించలేను." ఆమె నా వైపు చూసింది. "నా దగ్గర ఒక చోటు ఖాళీ అవుతా ఉంది. వస్తావా? నేనే నేర్పిస్తా. ఇప్పుడు ఇంగ్లీషులో ఎవరూ అడగరు."

అది నవ్వుతూనే అంది. కానీ తరువాత తల దించుకుంది. "ఆ పొద్దు నువ్వు చెప్పిందే నేను చెప్పినాను. ఆ మాట నీతో అనాలని ఇన్నేండ్లు అనుకున్నా."

"నాకు తెలుసు లే. బొంగరం నాదే," అన్నాను. ఆమె నా వీపు మీద ఒకటి వేసింది.

చోటు గురించి నేను నిజంగానే ఆలోచించాను. ఇరవై ఏళ్ల కిందట అయితే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు, ఆ చల్లటి గదిలో అద్దం వెనక పొద్దంతా కూర్చోవడం ఊహించుకుంటే, నాకు మా వరండా సందడే బాగుందనిపించింది. రెండు నిమిషాలకొక మనిషి. నాణెం మింగినవాడు, పిన్నీసులావిడ, మనవాళ్లా అని అడిగే అవ్వ. నడుము నొప్పి ఉంది, నిజమే. "నేను రాలేను," అన్నాను. ఆమె బలవంతపెట్టలేదు.

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాకు సీటీ," అంది.

"అదెందుకు?" ఇద్దరం ఒకేసారి అడిగాం.

"తాతను చేయి పట్టుకుని పడుకోబెట్టినారు, చేయి పట్టుకుని లేపినారు. నడుమ పది నిమిషాల్లో ఆయన లోపలంతా చూసేసినారు. అత్త తీసిన పడంలో మచ్చ ఉందని తెలిసింది. అది ఏ మచ్చో ఇక్కడ తెలిసింది. నాకు ఏ మచ్చో తెలుసుకోవాల."

"దానికైనా ముందు మీ అత్త పనే నేర్చుకోవాల," అంది స్నేహితురాలు. "మూడేండ్ల డిగ్రీలో అన్నీ చెప్తారు. మొదటి ఏడు ఎముకల పేర్లు చదివి ఏడుస్తావు."

మదురై చేరిన మరునాడు కళ్లె పరీక్ష ఫలితం వచ్చింది. అందులో ఏమీ లేదు. మందు వాడిన పది రోజులకు నాయన దగ్గు తగ్గింది. మా డాక్టరమ్మకు సీటీ చూపిస్తే, "ఇప్పుడు మీకు పాత పడం అంటూ ఒకటి ఉంది, జాగ్రత్తగా పెట్టుకోండి," అంది. నేను దాన్ని కవరులో వేసి బీరువాలో చీరల కింద పెట్టాను.

మా అన్నకు ఇప్పుడు వేరే తలనొప్పి పట్టుకుంది. యాభై నాలుగేళ్లు నోరు మెదపని నాయన, ఎవరు కనిపించినా ఆ ఎనిమిది నెలల కథ చెప్తున్నాడు. ఏలక్కాయ జల్లెడ దగ్గర చెప్తాడు, బస్సులో చెప్తాడు. మొన్న తేని ఊర్లో ఒక పెళ్లిలో ఎవరో కుర్రవాడికి దగ్గు మూడు వారాలుగా ఉందని విని, అన్నం ముందు నుంచి లేపి, రేపే పడం తీయించుకుంటానని ఒట్టు వేయించుకున్నాడు. "ఇంటి గుట్టు ఇట్లనా చెప్పేది?" అని అన్న ఫోనులో నాతో మొరపెట్టుకున్నాడు. ఆ కుర్రవాడు మరునాడు నా దగ్గరకే వచ్చాడు. నేనే తీశాను.

పిల్లకు కోయంబత్తూరు కాలేజీలోనే చోటు దొరికింది. హాస్టల్లో ఉంటుంది, ఆదివారం స్నేహితురాలి ఇంట్లో తింటుంది. నిన్న సాయంత్రం ఫోను చేసింది. ఆ రోజు ఒకరినొకరు బోర్డు ముందు నిలబెట్టి భంగిమ సరిచేయడం నేర్పించారట. మిషను ఆపేసి, ఊరకే.

"నా జతకు వచ్చిన పిల్లకు భుజం ముట్టుకుంటే కితకితలు అత్తా. ఊపిరి పట్టు అంటే నవ్వేస్తుంది. నేనూ నవ్వేస్తిని. మేడమ్ ఇద్దరినీ బయట నిలబెట్టింది."

"నీ చేతులు చల్లగా ఉన్నాయేమో. ముట్టుకునే ముందు రుద్దుకో," అన్నాను.

"సెరి అత్తా," అంది. వెనక నుంచి ఎవరో భోజనానికి పిలుస్తున్నారు. ఫోను పెట్టేసింది.